గేరు ఎవరి చేతిలో ఉండాలి?

రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్ ఎడమ కాలికి విశ్రాంతి ఇచ్చింది, బుర్రకు మాత్రం కాదు. హైదరాబాద్ నుంచి బస్తర్‌లోని బాసగూడ దాకా రోడ్డు మారిన ప్రతిచోటా ఆ సంగతి తెలిసివస్తుంది.

బీజాపూర్ నుంచి ఆవపల్లి మీదుగా బాసగూడ వెళ్లే సుమారు 50 కిలోమీటర్ల దారిలో రాజ్యం బొలేరోలది, పికప్ వ్యాన్లది, ట్రాక్టర్లది. పాత బండ్లలో గేరు రాడ్డు మీది అంకెలు అరిగిపోయి ఉంటాయి. డ్రైవర్‌కు వాటి అవసరమూ లేదు. దూరంగా కల్వర్టు కనిపించగానే చెయ్యి మూడో గేరు నుంచి రెండుకు దిగుతుంది. పశువులు రోడ్డెక్కబోతున్నాయని తోస్తే ఎడమ కాలు క్లచ్ మీదికి వెళుతుంది. అక్కడ గేరు మార్చడం ఒక పని కాదు, రోడ్డును చూడటంలో భాగం.

హైదరాబాద్‌లో పదిహేను, ఇరవై లక్షలు పెట్టి కారు కొనే ఉద్యోగికి షోరూమ్‌లో చెప్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. క్లచ్ పెడల్ లేదు, గేరు మార్చే బాధ లేదు, లివర్‌ను 'డి'లో పెట్టి యాక్సిలరేటర్ తొక్కడమే. డ్యుయల్ క్లచ్ ట్రాన్స్‌మిషన్, పొట్టిగా డీసీటీ, అనే ఈ గేర్‌బాక్స్ ఇప్పుడు మధ్యతరగతి కొనగలిగిన కార్లలోకీ వచ్చేసింది. అయితే ఆ లివర్ పక్కనే ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. కొన్ని కార్లలో స్టీరింగ్ వెనక రెండు చిన్న రెక్కలు కూడా ఉంటాయి. డ్రైవర్ కావాలనుకుంటే గేరు తానే మార్చుకోవడానికి ఏర్పాటు అది. చాలామంది కారు కొన్న వారంలో సరదాకు ఒకటి రెండుసార్లు దాన్ని కదిపి, తర్వాత మరిచిపోతారు. కొద్దిమంది మాత్రం కంప్యూటర్‌ను నమ్మలేక ఎప్పుడూ మాన్యువల్‌లోనే నడుపుతారు. రెండు అలవాట్లలోనూ నష్టం ఉంది.

కారణం సులభం. గేర్‌బాక్స్‌లోని కంప్యూటర్‌కు తెలిసింది చక్రాల వేగం, ఇంజిన్ వేగం, యాక్సిలరేటర్ మీద కాలి ఒత్తిడి, కొన్ని కార్లలో రోడ్డు వాలు. అంటే ఇప్పుడు జరుగుతున్నది, కాసేపటి క్రితం జరిగినది. మలుపు అవతల ఏముందో దానికి తెలియదు. అది తెలిసింది డ్రైవర్‌కే. ముందున్నది ముఖ్యం కాని రోడ్డు మీద కంప్యూటర్‌ను దాని పని దాన్ని చేసుకోనివ్వాలి. ముందున్నదే ముఖ్యమైన చోట గేరు చేతిలోకి తీసుకోవాలి.

పేరుకు ఆటోమేటిక్, పుట్టుకకు మాన్యువల్

ఈ గేర్‌బాక్స్‌ను సరిగా వాడాలంటే ముందు దాని స్వభావం తెలియాలి. పాతకాలపు ఆటోమేటిక్ కార్లలో ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అందులో శక్తిని ఒకవైపు నుంచి మరోవైపుకు అందించేది నూనె. ట్రాఫిక్‌లో బండి అంగుళం అంగుళం కదిలినా అక్కడ అరిగేది పెద్దగా ఏమీ ఉండదు. ఏఎంటీ అనే చవక రకంలో మామూలు మాన్యువల్ గేర్‌బాక్స్‌కే ఒక యంత్రపు చెయ్యి, యంత్రపు కాలు తగిలిస్తారు. గేరు మారినప్పుడల్లా బండి ఒక్క క్షణం తూగినట్టు అనిపించడం అందుకే.

డీసీటీ ఈ రెండింటికీ మధ్యది. లోపల ఉన్నవి మాన్యువల్ బండిలో ఉండేలాంటి గేర్లే. కాకపోతే అవి రెండు జట్లుగా ఉంటాయి. ఒకటి, మూడు, అయిదు, ఏడు ఒక క్లచ్ కింద. రెండు, నాలుగు, ఆరు మరో క్లచ్ కింద. బండి మూడో గేరులో పోతుండగా కంప్యూటర్ తర్వాత అవసరమయ్యేది నాలుగా, రెండా అని అంచనా వేసి ఆ గేరును రెండో జట్టులో ముందే సిద్ధంగా పెట్టుకుంటుంది. సమయం రాగానే ఒక క్లచ్ వదులుతుంది, మరొకటి పట్టుకుంటుంది. గేరు మారిన సంగతి లోపల కూర్చున్నవారికి తెలియనంత నున్నగా, కన్ను మూసి తెరిచేలోగా ఆ పని అయిపోతుంది.

అంచనా తప్పితేనే చిక్కు. డ్రైవర్ వేగం పెంచుతున్నాడని నాలుగో గేరు సిద్ధం చేసుకున్న సమయంలో ఆయన ఒక్కసారిగా బ్రేక్ వేసి, వెంటనే యాక్సిలరేటర్ అదిమితే కావలసింది రెండో గేరు. సిద్ధంగా ఉన్నది వదిలి కావలసినది వెతుక్కోవాలి. ఆ తడబాటు డ్రైవర్‌కు పికప్ లేనట్టుగా తెలుస్తుంది. అయిదు నుంచి మూడుకు దిగాలన్నా ఆలస్యమే, రెండూ ఒకే జట్టులోవి కనుక.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఫ్రెంచి ఇంజినీర్ అడోల్ఫ్ కెగ్రెస్ రెండో ప్రపంచ యుద్ధానికి ముందే దీన్ని ఊహించాడు. ఒకప్పుడు రష్యా జార్ రెండో నికొలస్ కార్ల బాగోగులు చూసిన వ్యక్తి ఆయన. ఊహను నడిపించగల ఎలక్ట్రానిక్స్ అప్పటికి లేవు. 1980లలో పోర్షె సంస్థ తన రేసు కార్లలో దీన్ని పరీక్షించింది. మామూలు కొనుగోలుదారుకు అందింది 2003లో, ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32 కారుతో. అక్కడి నుంచి మన రోడ్ల మీదికి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. 2013లో ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐ, ఫోర్డ్ ఎకోస్పోర్ట్ ఈ గేర్‌బాక్స్‌తో వచ్చాయి. 2019లో హ్యుందాయ్ వెన్యూ వచ్చింది.

తెలుగువారికి ఇది మరింత దగ్గరి విషయమైంది కూడా 2019లోనే. అప్పటి అనంతపురం జిల్లా (ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా) పెనుకొండ దగ్గర వెలసిన కియా కర్మాగారం నుంచి తొలి కారుగా సెల్టాస్ ఆ ఏడాది ఆగస్టులో మార్కెట్లోకి విడుదలైంది. దాని 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్‌కు ఏడు గేర్ల డీసీటీ జోడించారు. మరుసటి ఏడాది సోనెట్ కూడా అదే దారి పట్టింది. ఒకప్పుడు ఖరీదైన విదేశీ కార్లకే పరిమితమైన యంత్రం రాయలసీమ ఊళ్ల మధ్య బిగించుకుని బయటికి వస్తోంది.

ఆ కార్లతో ఇచ్చే పుస్తకంలో ఒక మాట ఉంటుంది. డీసీటీని తనంతట తానే గేర్లు మార్చుకునే మాన్యువల్ గేర్‌బాక్స్‌గా భావించాలని దాని సారాంశం. షోరూమ్‌లో ఎవరూ గట్టిగా చెప్పని మాట అది. డ్రైవింగ్ అలవాట్ల గురించి చెప్పుకోవలసినదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఉప్పల్ దాటేలోపు

హైదరాబాద్ నుంచి బాసగూడకు దగ్గరి దారి 163వ నంబరు జాతీయ రహదారి. ఉప్పల్, భువనగిరి, జనగామ, హనుమకొండ, ములుగు, ఏటూరునాగారం మీదుగా సాగి, ముల్లకట్ట వంతెన దగ్గర గోదావరి దాటి, వాజేడు మండలం మీంచి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం చేరుతుంది. అక్కడి నుంచి బీజాపూర్, ఆవపల్లి, బాసగూడ. మొత్తం నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఒక గేర్‌బాక్స్‌కు ఎన్ని రకాల పరీక్షలు పెట్టవచ్చో అన్నీ ఈ ఒక్క దారిలోనే ఉన్నాయి.

మొదటి పరీక్ష ఊరు దాటకముందే. ఉప్పల్–నారపల్లి మధ్య 2018లో మొదలైన ఫ్లైఓవర్ పనులు ఏళ్ల తరబడి సాగిన కాలంలో అటు వెళ్లినవారికి నత్తనడక ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. నగరంలో అలాంటి కూడళ్లు ఇంకా చాలా ఉన్నాయి. ముందు బండి రెండడుగులు కదలగానే మనమూ రెండడుగులు కదలడం, మళ్లీ ఆగడం అక్కడ అందరి అలవాటు. టార్క్ కన్వర్టర్ ఉన్న కారుకు దీనితో బాధ లేదు. సెల్టాస్ లాంటి కార్లలో ఉండే 'డ్రై క్లచ్' రకానికి మాత్రం ఇదే అసలు శత్రువు. ఇందులో క్లచ్ పలకలను చల్లబరచడానికి నూనె ఉండదు, గాలే దిక్కు. మొదటి గేరులో ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు బండి పోయే వేగం కంటే నెమ్మదిగా కదపాలంటే క్లచ్ జారుతూ ఉండాల్సిందే. జారితే రాపిడి, రాపిడి నుంచి వేడి. వేడి హద్దు మీరితే డాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలుగుతుంది. అప్పటికీ వినకపోతే బండిని పక్కన ఆపి చల్లారనివ్వమంటుంది.

మాన్యువల్ బండి నడిపినవాళ్లకు 'హాఫ్ క్లచ్' అంటే తెలుసు. డ్రైవింగ్ నేర్పేవాడు మొట్టమొదట తిట్టేది దాని గురించే. క్లచ్ పెడల్ పోయింది కానీ హాఫ్ క్లచ్ పోలేదు, కనిపించకుండా దాక్కుంది. బ్రేక్‌ను గట్టిగా తొక్కి ఉంచితే కంప్యూటర్ క్లచ్‌ను పూర్తిగా విడదీస్తుంది. కాలిని కాస్త సడలించి బండిని పాకనిస్తే క్లచ్ సగం పట్టుకుని జారుతుంది. డీసీటీలో సగం బ్రేకే కొత్త హాఫ్ క్లచ్.

మాన్యువల్ మోడ్‌లో పెడితే క్లచ్ మిగులుతుందని కొందరి నమ్మకం. అందులో నిజం సగమే. మొదటి గేరులో నిలిపి ఉంచితే ఒకటీ రెండూ మధ్య మాటిమాటికీ మారే బాధ తప్పుతుంది. కానీ ప్లస్, మైనస్‌లతో చేతికొచ్చేది గేరు మాత్రమే, క్లచ్ కాదు. దాన్ని ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు వదలాలో అప్పుడూ నిర్ణయించేది కంప్యూటరే. నత్తనడకలో క్లచ్‌ను కాపాడేది మోడ్ కాదు, ఖాళీ. ముందు బండి కదలగానే వెంట పడకుండా రెండు మూడు కార్ల దూరం ఏర్పడనిచ్చి, ఒక్కసారిగా కదిలి, మళ్లీ పూర్తిగా ఆగాలి. మధ్యలో ఆటో దూరుతుంది, వెనకవాడు హారన్ కొడతాడు. ఆ రెండూ ఓర్చుకోవాలి. క్లచ్ పలకల ఖరీదుతో పోలిస్తే అదేమంత పెద్ద ఓర్పు కాదు.

ఫ్లైఓవర్ ఎక్కే చోట వాలు మీద ఆగవలసివస్తే మరో దురలవాటు బయటపడుతుంది. బ్రేక్ వేయకుండా యాక్సిలరేటర్ మీద కాలు సన్నగా ఆనించి బండిని వెనక్కి జారకుండా నిలబెట్టడం. ఇంజిన్ ముందుకు తోస్తుంటే బండి బరువు వెనక్కి లాగుతుంటుంది. రెండింటి మధ్య నలిగేది క్లచ్. కారు పుస్తకాలు ప్రత్యేకంగా వద్దని చెప్పే పని ఇది. వాలు మీద బండిని నిలపడానికి ఉన్నవి ఫుట్ బ్రేక్, హ్యాండ్ బ్రేక్ మాత్రమే.

మాన్యువల్ నుంచి మారినవాళ్లకు ఇంకో ప్రమాదం ఎడమ కాలితో. కంగారులో అది అలవాటుగా క్లచ్‌ను వెతుకుతుంది. దొరికేది బ్రేక్. బండి ఉన్నచోటే నిలబడిపోతే వెనక వచ్చేవాడికి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. మొదటి కొన్ని వారాలు ఎడమ కాలిని మడిచి పక్కన పెట్టుకోవడమే మందు.

హైవే మీద వదిలేయండి

భువనగిరి దాటాక రోడ్డు విశాలమవుతుంది. ఇక్కడ కంప్యూటర్ మనకంటే మంచి డ్రైవర్. 'డి'లో వదిలేస్తే అది వీలైనంత త్వరగా పై గేర్లకు ఎక్కి, ఇంజిన్‌ను నెమ్మదిగా తిప్పుతూ పెట్రోల్ మిగులుస్తుంది. హుషారు కోసం మాన్యువల్‌లో పెట్టి నాలుగో గేరులోనే నూరు దాటించేవారు రెండు విధాలా నష్టపోతారు. పెట్రోల్ ఎక్కువ కాలుతుంది, కన్ను రోడ్డు మీద ఉండాల్సిన సమయంలో మీటర్ మీద ఉంటుంది.

జనగామ, హనుమకొండ దాటి, ములుగు వైపు రోడ్డు ఇరుకైనాక లారీల వెనక చిక్కుకున్నప్పుడు మాత్రం లెక్క మారుతుంది. లారీని దాటాలని మనం ముందే అనుకుంటాం. గేర్‌బాక్స్‌కు ఆ సంగతి యాక్సిలరేటర్ అదిమాకే తెలుస్తుంది. అప్పటికి అది ఆరులోనో ఏడులోనో ఉంటుంది. మూడుకు దిగి ఊపందుకునేలోగా ఎదురు రోడ్డు మీద ఒకటి రెండు సెకన్లు గడిచిపోతాయి. గంటకు 72 కి.మీ. వేగంలో ఒక్క సెకనుకు బండి 20 మీటర్లు పోతుంది. ఎదురుగా అదే వేగంతో మరో బండి వస్తుంటే మధ్య దూరం సెకనుకు 40 మీటర్లు కరిగిపోతుంది. దాటడానికి ముందే, లారీ వెనక ఉండగానే, మైనస్ వైపు రెండుసార్లు నొక్కి గేరు దించుకుని ఉంటే ఆ సెకన్లు మిగులుతాయి. దాటాక మళ్లీ 'డి'కి రావచ్చు. చాలా కార్లలో 'డి'లో ఉండగానే స్టీరింగ్ వెనక రెక్క నొక్కితే కాసేపు మాన్యువల్‌గా పనిచేసి, తర్వాత దానంతటదే ఆటోమేటిక్‌కు తిరిగి వస్తుంది.

అడవి, వాగు, ఘాట్

పస్రా దాటి తాడ్వాయి అడవిలోకి ప్రవేశించాక మలుపులు మొదలవుతాయి. మలుపు ముందు కాలు యాక్సిలరేటర్ మీంచి తీయగానే గేర్‌బాక్స్ దాన్ని తొందర లేదన్న సంకేతంగా తీసుకుని పై గేరుకు పోతుంది. మలుపు మధ్యలో మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే కంగారుగా కిందికి దిగుతుంది. మలుపుకు ముందే మూడో గేరులో నిలుపుకుంటే ఈ ఊగిసలాట ఉండదు. ఇదే మలుపులో బొలేరో డ్రైవర్ చేసే పని సరిగ్గా ఇదే.

గోదావరి దాటాక వర్షాకాలంలో మరో పరీక్ష. వాజేడు మండలం టేకులగూడెం దగ్గర వరద నీరు రహదారి మీదికి వచ్చి తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ మధ్య రాకపోకలు ఆగిపోవడం ఆ ప్రాంతంలో తరచూ వినే వార్త. పారుతున్న నీటిలోకి దిగడానికి ఏ గేరూ సరైనది కాదు. ఆగడమే సరైనది. నిలిచి ఉన్న, లోతు తెలిసిన కొద్దిపాటి నీటిలో వెళ్లక తప్పకపోతే మాన్యువల్‌లో మొదటి గేరు పెట్టి, నిదానంగా, మధ్యలో ఆగకుండా పోవాలి. 'డి'లో వెళితే సరిగ్గా నీటి మధ్యలో అది రెండో గేరుకు మారాలనుకోవచ్చు.

బురదలో దిగబడితే లివర్‌ను 'డి'కీ 'ఆర్'కీ మార్చిమార్చి ఊపి బయటపడేయాలన్నది మాన్యువల్ నాటి అలవాటు. డీసీటీలో అది క్లచ్‌ను ఎండలో పెట్టిన వెన్నలా చేస్తుంది. ఒకటి రెండు ప్రయత్నాలు చాలు. తర్వాత టైర్ల కింద కొమ్మలో, రాళ్లో వేయాలి. అదీ కుదరకపోతే ట్రాక్టర్‌ను పిలవాలి. ఒంటి వరస రోడ్డు మీద ఎదురు బండికి దారి ఇవ్వడానికి ఎత్తు మీదికి రివర్స్ చేయడం కూడా క్లచ్‌కు ఇలాంటి శిక్షే. వీలైతే ముందే వెడల్పయిన చోటు చూసుకుని ఆగడం మేలు.

ఈ దారిలో పెద్ద ఘాట్ లేదు. కానీ రాజమండ్రి వైపు నుంచి బస్తర్ వెళ్లేవారికి మారేడుమిల్లి–చింతూరు ఘాట్ తప్పదు. గేరు చేతిలోకి తీసుకోవడం సరదా కాక అవసరమయ్యే చోటు అదే. దిగుడులో యాక్సిలరేటర్ తొక్కే పని లేదు కనుక చాలా సందర్భాల్లో 'డి' పై గేర్లకు పోతుంది. అప్పుడు బండిని పట్టి ఉంచే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. మలుపు మలుపుకీ తొక్కిన బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. కొన్ని కొత్త కార్లు వాలును గుర్తించి గేరు దించుతాయి. కానీ తర్వాతి మలుపు ఎంత ఇరుకో వాటికి తెలియదు. ఏ గేరులో ఘాట్ ఎక్కుతామో అదే గేరులో దిగాలన్నది పాత లారీ డ్రైవర్ల సూత్రం. డీసీటీకీ అదే వర్తిస్తుంది. మాన్యువల్‌లో రెండో, మూడో గేరు పెడితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. కంప్యూటర్ పూర్తిగా తప్పుకోదు కూడా. ఇంజిన్‌కు హాని చేసేంత కింది గేరు అడిగితే నిరాకరిస్తుంది, బండి ఆగిపోయేంత వేగం తగ్గితే తానే గేరు దించుతుంది.

దిగుడులో న్యూట్రల్ చేస్తే పెట్రోల్ మిగులుతుందన్న నమ్మకం ఇంకా బతికే ఉంది. కార్బురేటర్ కాలం నాటి మాట అది. ఇప్పటి ఇంజిన్లలో బండి గేరులో ఉండి, కాలు యాక్సిలరేటర్ మీంచి తీస్తే ఇంధనం సరఫరా దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజిన్ తిరగడానికి కొంత పెట్రోల్ కావాలి. అంటే ఆ అలవాటులో ఆదా లేదు, ప్రమాదం మాత్రం ఉంది.

తప్పు అలవాటుదా, యంత్రానిదా?

ఇంతవరకూ చెప్పినదంతా డ్రైవర్‌కు సుద్దులే. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గేర్‌బాక్స్ పాడైన ప్రతిసారీ నేరం డ్రైవర్ మీదికి నెట్టడం కంపెనీలకు సులువైన దారి.

ఆస్ట్రేలియాలో ఫోర్డ్ కథ దీనికి ఉదాహరణ. ఫియస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లలో అమర్చిన 'పవర్‌షిఫ్ట్' డీసీటీ వణుకుతోందని కొనుగోలుదారులు ఫిర్యాదు చేస్తే, మీరు నడిపే తీరే కారణమని కంపెనీ కొందరికి జవాబిచ్చింది. అక్కడి పోటీ, వినియోగదారుల కమిషన్ కోర్టుకు వెళ్లింది. యంత్రంలో సమస్య ఉందని తెలిసి కూడా కంపెనీ అలా ప్రవర్తించిందని తేలింది. 2018 ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టు కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది. అంతకుముందు 2013 మార్చిలో చైనాలో ఫోక్స్‌వాగన్ తన డీసీటీ కార్లు 3.84 లక్షలను వెనక్కి పిలిపించవలసి వచ్చింది.

మన దేశంలో పరిస్థితి కొంత మారింది. ఎకోస్పోర్ట్ 2017లో, పోలో 2020లో డీసీటీని వదిలి టార్క్ కన్వర్టర్‌కు వెళ్లాయి. 2022లో ఆల్ట్రోజ్‌తో ఈ రంగంలోకి దిగిన టాటా మోటార్స్ నూనెతో చల్లబడే 'వెట్ క్లచ్' ఎంచుకుని, అదే తన ప్రత్యేకతగా ప్రచారం చేసుకుంది. చట్టం కూడా కొంత బలపడింది. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి తయారీదారును బాధ్యుడిని చేస్తుంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం లోపాలున్న వాహనాలను వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. అందువల్ల డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలిగినప్పుడల్లా ఫొటో తీసి ఉంచుకోవడం, సర్వీసు కేంద్రంలో ఫిర్యాదును జాబ్ కార్డు మీద రాయించుకోవడం కూడా మంచి డ్రైవింగ్ అలవాట్లలో చేర్చదగినవే. కొనేటప్పుడే క్లచ్ డ్రై రకమా, వెట్ రకమా అని అడగాలి. వారంటీ ఎన్నేళ్లో, అందులో క్లచ్ పలకలు ఉన్నాయో లేదో కాగితం మీద చూసుకోవాలి.

రోడ్డును చదివేవారు

ఇక బీజాపూర్ అవతల. అక్కడ రోడ్డు అన్న మాటకే బరువు ఎక్కువ. తాలిపేరు వాగు ఒడ్డున ఉన్న బాసగూడలో ఒకప్పుడు పెద్ద సంత జరిగేది. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక ఊరు చెదిరిపోయింది. చాలా కుటుంబాలు చర్ల, భద్రాచలం వైపు వలస వచ్చాయి. తర్వాతి ఏళ్లలో కొందరు తిరిగి వెళ్లారు. కోసేసిన రోడ్లు, తారు కింద మందుపాతరలు ఏళ్ల తరబడి ఆ ప్రాంతపు రోజువారీ భయం. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లాలోనే కుట్రు దగ్గర మందుపాతర పేలినప్పుడు ఎనిమిది మంది డీఆర్‌జీ జవాన్లతో పాటు వారి వాహన డ్రైవర్ కూడా మరణించాడు. దానికి మూడు రోజుల ముందు, జిల్లాలో రోడ్డు పనుల నాసిరకాన్ని బయటపెట్టిన పాత్రికేయుడు ముకేశ్ చంద్రాకర్ మృతదేహం బీజాపూర్‌లో ఒక సెప్టిక్ ట్యాంకులో దొరికింది. ఆయనది బాసగూడే.

అలాంటి చోట డ్రైవర్ రోడ్డును చూడడు, చదువుతాడు. తారు రంగు మారితే, గుంత కొత్తగా పూడ్చి ఉంటే, ఉండాల్సిన చోట జనం లేకపోతే కాలు యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది. ఆ చదువుకు ఏ కంప్యూటరూ ప్రత్యామ్నాయం కాదు.

ఈ దారిలో మాన్యువల్ బండ్లే ఉండటానికి మరో కారణం మరమ్మతు. 2000లో వచ్చిన బొలేరో ఇప్పటికీ మాన్యువల్ గేర్‌బాక్స్‌తోనే వస్తోంది. దాని క్లచ్ ప్లేటు పోతే చిన్న ఊరి షెడ్డులోనూ మార్చగలరు. డీసీటీ మొరాయిస్తే కంప్యూటర్ తగిలించి చూడాలి, ప్రత్యేక పనిముట్లు కావాలి, బండిని మరో బండి మీద ఎక్కించి నగరానికి చేర్చాలి. కనుక ఆ వైపు డీసీటీ కారుతో వెళ్లేవారు క్లచ్‌ను కాపాడుకోవడమంటే ఇంటికి తిరిగిరావడాన్ని కాపాడుకోవడమే.

అలాగని గేరు రాడ్డును దేవుడిని చేయనక్కర్లేదు. రోజంతా క్లచ్ తొక్కి మోకాలు పట్టేసే కష్టం ఆ డ్రైవర్లది. సౌకర్యం వారికీ ఏదో ఒక రోజు అందాలి. అందే దాకా, డీసీటీ కొన్నవారు వారి దగ్గర నేర్చుకోదగినది ఒకటి ఉంది. కల్వర్టు మీదికి వచ్చాక కాదు, అది కంటపడగానే వారు గేరు దించుతారు. డీసీటీ కారులోనూ ఆ పని చేయవచ్చు, మైనస్ వైపు ఒక్కసారి నొక్కితే చాలు. ఎప్పుడు నొక్కాలన్నది మాత్రం గేర్‌బాక్స్ చెప్పదు.